ఒక గిటారు – నాలుగు గొంతులు

నూజివీడు పేరు చెప్పగానే రసాలు గుర్తొస్తాయి గానీ, పనసకర్రతో ఇక్కడ చేసే వీణలకూ అంతే పేరుంది. వీణ తనంతట తాను మోగుతుంది. మా హాస్టల్లోని పాత ఎలక్ట్రిక్ గిటారు అలా కాదు. దాని చెక్కలో బోలు లేదు. పికప్పు పనిచేయకపోతే ముందు వరుసకే సరిగా వినబడదు. వార్షికోత్సవానికి ఇంకొకటి కొనే స్తోమత మాకు లేదు. అందుకే ఉన్నదానితోనే ప్రయోగాలు చేశాం.

పికప్పు అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. పైనున్న ఉక్కుతీగ కంపిస్తే అందులో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణే ఇది, మనం పరీక్షకు బట్టీపట్టిన పాఠమే! ఇత్తడి తీగలను ఇది పట్టుకోదు. అందుకే వీణకు, కర్ర కంపనాన్ని పట్టే కాంటాక్ట్ మైకు అతికిస్తారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు మాత్రం జంట తీగలు వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు.

మా గిటారుకు పికప్పులు రెండు. ఆరు కాళ్ల స్విచ్ ఒకటి తీసుకున్నాం. మొదటి పికప్పు చివరి తీగ, రెండోదాని మొదటి తీగ మధ్య కాళ్లకు అతికించాలి. పై కాళ్లు రెంటినీ కలిపేస్తే శ్రేణి సంధానం. కింది కాళ్లలో ఒకటి ఎర్తుకు, ఒకటి అవుట్‌పుట్‌కు వెళ్తే సమాంతర సంధానం. మిగిలిన రెండు తీగల్లో మొదటి పికప్పుది ఎప్పుడూ అవుట్‌పుట్‌కే, రెండోదానిది ఎర్తుకే. శ్రేణిలో ధ్వని లావుగా, గట్టిగా వస్తుంది. సమాంతరంలో కాస్త తగ్గి, తేటగా ఉంటుంది.

అలాంటిదే రెండో స్విచ్‌తో ఒక పికప్పు తీగలను తారుమారు చేస్తే మరో రెండు గొంతులు. అప్పుడు ఒకటి పెంచేదాన్ని రెండోది తగ్గిస్తుంది. మంద్రం పోయి, ముక్కుతో పాడినట్టు పలుచగా వినబడుతుంది. అయితే ట్యూబులైటు చోక్ నుంచి వచ్చే గుంయ్ మనే రొద కూడా తగ్గింది! రొదకు అయస్కాంతంతో పనిలేదు, తీగ చుట్టిన దిశే ముఖ్యం. పాటకు రెండూ ముఖ్యమే. కనుక ఒక పికప్పులో అయస్కాంతమూ, చుట్టూ రెండూ తిరగేస్తే రొద పోతుంది, పాట నిలుస్తుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్పు చేసింది ఈ సూత్రంతోనే.

తమ్ముళ్లూ, గిటారులోని తీగలు విప్పి చూడండి, భయం లేదు. ఆంప్లిఫయరు డబ్బా మాత్రం తెరవొద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు. ఈసారి జానపదాలకు శ్రేణి, ప్రార్థనకు సమాంతరం వాడుతున్నాం. ముక్కు గొంతు హాస్యనాటికకు!