కాలిఫోర్నియాలో రియల్ ఎస్టేట్ లైసెన్సుపై క్రమశిక్షణ చర్యలు

రియల్ ఎస్టేట్ లైసెన్సుపై క్రమశిక్షణ చర్య అనగా స్థిరాస్తుల క్రయవిక్రయాలలో మధ్యవర్తిగా పనిచేయుటకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం కొంతకాలం నిలిపివేయడం, రద్దు చేయడం లేదా షరతులకు లోబరచడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ లైసెన్సులను ఆయా రాష్ట్రాలే జారీ చేస్తాయి. కాలిఫోర్నియాలో ఈ అధికారం రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖకు ఉన్నది. ప్రజల సొమ్మును కాపాడటం ఈ చట్టం ఉద్దేశం. అయితే లైసెన్సు రద్దయిన వ్యక్తి జీవనోపాధిని కోల్పోతారు. అందువలన ఆరోపణను ముందుగా తెలియజేయడం, విచారణ జరపడం, సాక్ష్యాలతో నిరూపించడం అనే మూడు రక్షణలను చట్టం కల్పించింది. వీటిలో విచారణ హక్కు గడువులోగా కోరినవారికే లభిస్తుంది.

నేపథ్యం

కాలిఫోర్నియా 1917లో రియల్ ఎస్టేట్ లైసెన్సు చట్టం చేసింది. దానిని న్యాయస్థానం చెల్లదని ప్రకటించగా, 1919లో చేసిన మరొక చట్టం న్యాయపరీక్షలో నిలిచింది. 2013లో ఈ శాఖను వినియోగదారుల వ్యవహారాల శాఖలో ఒక బ్యూరోగా మార్చారు. 2018 జూలై 1న తిరిగి ప్రత్యేక శాఖగా ఏర్పరచారు.

ఒకసారి ఇచ్చిన లైసెన్సు జీవనోపాధికి అవసరమైనప్పుడు, తగిన న్యాయప్రక్రియ లేకుండా దానిని తీసివేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1971లో బెల్ వర్సెస్ బర్సన్ కేసులో తీర్పునిచ్చింది. ఆ కేసు వాహన లైసెన్సుకు సంబంధించినదైనా, అదే సూత్రం వృత్తి లైసెన్సులకు కూడా వర్తిస్తుంది.

చర్యకు కారణాలు

రాష్ట్ర వ్యాపార, వృత్తుల స్మృతిలోని 10176, 10177 సెక్షన్లు ముఖ్య కారణాలను పేర్కొన్నాయి. వాటిలో కొన్ని:

* ఆస్తి గురించి అసత్యాలు చెప్పడం, తప్పుడు వాగ్దానాలు చేయడం
* ఖాతాదారుల సొమ్మును సొంత సొమ్ముతో కలపడం
* ఇరుపక్షాలకు తెలియజేసి వారి అంగీకారం పొందకుండా ఇద్దరి తరఫున పనిచేయడం
* రహస్యంగా లాభం పొందడం
* నిర్లక్ష్యం లేదా అసమర్థత
* బ్రోకరు తన క్రింద పనిచేసే సేల్స్‌పర్సన్లను పర్యవేక్షించకపోవడం
* వృత్తితో సంబంధమున్న నేరంలో శిక్ష పడటం

ఖాతాదారుల సొమ్మును కలిపివేసిన సందర్భంలో ఎవరికీ నష్టం కలగకపోయినా ఉల్లంఘన జరిగినట్లే. అటువంటి కేసులో బ్యాంకు పత్రాలు, లెక్కలు సరిచేసిన తీరు శిక్షను తగ్గించుటకు మాత్రమే తోడ్పడతాయి.

ఫిర్యాదు, అభియోగ పత్రం

ఫిర్యాదు అందినంతమాత్రాన లైసెన్సుకు హాని కలగదు. శాఖ దర్యాప్తు జరిపి ఫిర్యాదును మూసివేయవచ్చు, 2,500 డాలర్లకు మించని జరిమానాతో నోటీసు ఇవ్వవచ్చు, లేదా అభియోగ పత్రం దాఖలు చేయవచ్చు. బ్రోకరు తన లావాదేవీల పత్రాలను మూడేళ్ళు భద్రపరచి, శాఖ అడిగినప్పుడు చూపవలసి ఉంటుంది.

సాధారణంగా సంఘటన జరిగిన మూడేళ్ళలోగా అభియోగ పత్రం దాఖలు కావాలి. మోసం, అసత్య ప్రకటన లేదా తప్పుడు వాగ్దానం ఉన్నప్పుడు, బాధితునికి విషయం తెలిసిన నాటినుండి ఒక సంవత్సరం లేదా సంఘటన నుండి మూడేళ్ళు, వీటిలో ఏది తరువాత ముగిస్తే అది గడువు. ఏ సందర్భంలోనైనా ఇది పదేళ్ళకు మించరాదు. గడువు దాటినదని చూపడం కూడా ఒక ప్రతివాదమే.

ప్రతివాద నోటీసు

అభియోగ పత్రం అందజేసిన 15 రోజులలోగా ప్రతివాద నోటీసు పంపాలి. ఇది విచారణ కోరుతూ ఇచ్చే చిన్న పత్రం. దీనిని పంపనివారు విచారణ హక్కును వదులుకున్నట్లు పరిగణించి, శాఖ వారి వాదన వినకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. శాఖ వద్ద నమోదైన చివరి చిరునామాకు రిజిస్టర్డు తపాలాలో పంపితే పత్రం అందజేసినట్లే లెక్క. కనుక ఇల్లు మారి చిరునామా మార్పు తెలియజేయనివారు తమపై అభియోగం ఉన్నదని తెలియకుండానే లైసెన్సు కోల్పోయే ప్రమాదం ఉన్నది.

శాఖ వద్దనున్న సాక్షుల పేర్లను, వాంగ్మూలాలను, పత్రాలను ఇవ్వమని ప్రతివాది కోరవచ్చు.

విచారణ

విచారణను పరిపాలనా విచారణల కార్యాలయానికి చెందిన న్యాయమూర్తి జరుపుతారు. ప్రతివాది న్యాయవాదిని తన ఖర్చుతోనే నియమించుకోవాలి. ఆరోపణను నిరూపించవలసిన భారం శాఖపై ఉంటుంది. వృత్తి లైసెన్సు రద్దుకు సాక్ష్యం స్పష్టంగా, నమ్మదగినదిగా ఉండాలని 1982లో ఎటింగర్ కేసులో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానం పేర్కొన్నది. సకాలంలో అభ్యంతరం తెలిపినప్పుడు, ఇతరులు చెప్పగా విన్న మాట ఒక్కదానిపైనే ఆధారపడి నిర్ధారణకు రాకూడదు. అయితే ప్రతివాది మౌనంగా ఉన్నా, శాఖ తరఫువారు అతనిని సాక్షిగా పిలిచి ప్రశ్నించవచ్చు.

నేరశిక్షపై ఆధారపడిన కేసులో ఆ నేరం చేయలేదని తిరిగి వాదించుటకు వీలుండదు. ఆ నేరానికి వృత్తితో సంబంధం లేదనీ, తరువాత తన ప్రవర్తన మారినదనీ మాత్రమే చూపవచ్చు.

నిర్ణయం, తదుపరి మార్గాలు

న్యాయమూర్తి ఇచ్చేది ప్రతిపాదిత నిర్ణయం మాత్రమే. శాఖ దానిని ఆమోదించవచ్చు, శిక్షను తగ్గించవచ్చు, లేదా తిరస్కరించి రికార్డు ఆధారంగా స్వయంగా నిర్ణయించవచ్చు. లైసెన్సును రద్దు చేసి దాని స్థానంలో షరతులతో కూడిన లైసెన్సు ఇవ్వడం కూడా ఉన్నది. విచారణ లేకుండా ఇరుపక్షాలు ఒప్పందానికి రావచ్చు. దర్యాప్తు ఖర్చులను ప్రతివాది నుండి రాబట్టే అధికారం శాఖకు ఉన్నది.

నిర్ణయాన్ని పునఃపరిశీలించమని శాఖను కోరవచ్చు, లేదా సుపీరియర్ కోర్టులో రిట్ వేయవచ్చు. లైసెన్సు రద్దు కేసులలో ఆ కోర్టు సాక్ష్యాన్ని స్వతంత్రంగా పరిశీలిస్తుంది. రద్దు అమలైన ఒక సంవత్సరం తరువాత పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు.

భారతదేశంలో

భారతదేశంలో ఏజెంట్ల నమోదు 2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం క్రింద జరుగుతుంది. దీనిని వాడుకలో రెరా అంటారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 2017లో తమ నియమావళులను రూపొందించాయి. నిబంధనలను ఉల్లంఘించినా, మోసంతో నమోదు పొందినా 9వ సెక్షను క్రింద నమోదును రద్దు చేయవచ్చు. అయితే ఇక్కడ కూడా ఏజెంటుకు తన వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండా రద్దు చేయరాదు. ఉత్తర్వుపై 60 రోజులలోగా అప్పీలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.