హార్డు డిస్కును తరచుగా సర్దవలెనా?

ఇంటి కంప్యూటరు మందగించినప్పుడు “డీఫ్రాగ్మెంటు చేయింపుడు” అని దుకాణదారుడు చెప్పుటయు, తలిదండ్రులు సొమ్ము చెల్లించుటయు గలదు. ఆ వ్యయము అవసరమా?

హార్డు డిస్కులో అయస్కాంతపు పూతగల పళ్లెములు సాధారణముగా నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగుచుండును. గ్రామఫోను ముల్లువలె నొక హెడ్డు, వానిని తాకకయే అటునిటు కదలుచు చదువును. ఫైలునకు ఒకేచోట ఖాళీ దొరకనిచో అది ముక్కలుగా దొరికినచోట నుంచబడును. వారపత్రికలో కథ నడుమ “తరువాయి 40వ పుటలో” అని కనబడినచో పుటలు త్రిప్పుదుము గదా! హెడ్డునకును అదే శ్రమ. గెంతు గెంతునకు సెకనులో సుమారు నూరవవంతు పోవును. ముక్కలు వేలైనచో ఆ జాప్యము మనకును తెలియును. వానిని వరుసగా చేర్చుటయే డీఫ్రాగ్మెంటు.

అయితే 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలు ఈ పని నియమితకాలమున దానంతటదియే జరుగునట్లు ఏర్పాటు గలదు. వేరుగా చేయింప నక్కరలేదు. మందగమనమునకు ర్యాము చాలకపోవుటయో, డిస్కు నిండిపోవుటయో తరచు కారణము.

ఎస్.ఎస్.డి.లో పళ్లెమే లేదు. ముక్క యెచ్చటనున్నను ఇంచుమించు ఒకే వేగముతో అందును. దాని కణములు పరిమితముగానే వ్రాతకు ఓర్చును. ఊరక సర్దుటవలన ఆయువు తరుగును.

పాత డిస్కునుండి టకటకమను శబ్దము వచ్చుచున్నచో సర్దుట బొత్తిగా కూడదు. ముందు ఫైళ్లను వేరొక డిస్కునకు ఎత్తుకొనుడు. మన పిల్లలకై తెలుగున టైపు చేసికొన్న పాఠములు పోయినచో ఇచ్చటి అంగళ్లలో దొరకవు.