పట్టడకు పేరు చెక్కిన పిల్లలు!

హోసూరు: సిప్‌కాట్ షిఫ్టు బస్సు ఎక్కేవాళ్లకు సీఎన్‌సీ అనే మాట కొత్త కాదు. 'మావాడు సీఎన్‌సీలో ఉన్నాడు' అంటే చాలు, ఏ కంపెనీ, ఏం పని అని ఎవరూ అడగరు. ముక్క బిగించడం, పచ్చ బటన్ నొక్కడం, కోత అయ్యాక తీసి పక్కన పెట్టడం, మళ్లీ ఇంకో ముక్క బిగించడం. లోపల మిషన్ ఏ లెక్కన తిరుగుతోందో నొక్కేవాడికి చాలాసార్లు తెలియదు. తెలుసుకునే తీరికా దొరకదు.

అలాంటి మిషన్‌నే ఈ చుట్టుపక్కల ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా బిగించుకున్నారు. కాకపోతే ఇది ఇనుమును కాదు, చెక్కను కోస్తుంది. సీఎన్‌సీ రూటర్ అంటారు. బడి పేరు, పిల్లల పేర్లు వేయొద్దని సారు ముందే మాట తీసుకున్నారు. అనుమతి కాగితాలు ఇంకా తిరుగుతున్నాయట. అందుకని పేర్లు లేకుండానే ఈ కథ.

ఒకప్పుడు ఆ బడిలో చేతిపని పీరియడ్ ఉండేది. తర్వాత ఆ గది విరిగిన బల్లలకు గోడౌన్ అయింది. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. మన బడి ఆ జాబితాలో లేదు. సారు పాత విద్యార్థుల దగ్గర చందా పట్టారు. మోటార్లు బెంగళూరు నుంచి తెచ్చారు. చట్రానికి ప్లైవుడ్, అల్యూమినియం పట్టీలు ఊళ్లోనే దొరికాయి. కోతకు వడ్రంగులు అంచులు తీయడానికి వాడే చేతి ట్రిమ్మర్ మిషన్‌నే బిగించారు. నిమిషానికి పాతిక వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దాని చప్పుడుకు పక్క క్లాసు లెక్కల టీచర్‌కు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

ఈ యంత్రానికి తెలిసింది మూడు దారులే. ఎడమకు కుడికి, ముందుకు వెనక్కి, పైకి కిందికి. ఒక్కో దారికి ఒక మర కడ్డీ, దాన్ని తిప్పే స్టెప్పర్ మోటారు. ముందు వెనకల దారికి మాత్రం రెండు. 'జీ1 ఎక్స్50 ఎఫ్600' అని రాసి పంపితే నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగంతో 50వ మిల్లీమీటరు గుర్తు దగ్గరికి పోయి నిలుస్తుంది. 1952లో అమెరికాలోని ఎంఐటీలో ఇలాంటి మిషన్‌ను మొదటిసారి నడిపి చూపించినప్పుడు ఆజ్ఞలన్నీ కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో ఉండేవి. మిషన్ పక్కన బీరువాలంత పెట్టెలు నిలబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడా పని అరచేతిలో పట్టే ఆర్డ్యూనో బోర్డు చేస్తోంది. అందులో వేసే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం 2009లో మొదలైంది. అది ఉచితం.

పది అంటే నలభై!

మొదటి రోజే మిషన్ పరువు తీసింది. 10 మిల్లీమీటర్లు జరగమంటే 40 జరిగింది. 20 అంటే 80 పోయి చట్రానికి గుద్దుకుంది. పిల్లలు లెక్క మళ్లీ మళ్లీ వేశారు. మోటారు ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టుకు 200 అడుగులు. డ్రైవర్‌లో ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేశారు కాబట్టి 1600. కడ్డీ మీద మరకు మరకు మధ్య దూరం 2 మిల్లీమీటర్లు. 1600ను 2తో భాగిస్తే మిల్లీమీటరుకు 800. ఎక్కడా తప్పు లేదు. మరి మిషన్ ఎందుకు ఎగిరి దూకుతోంది? రెండు రోజులు బోర్డునే అనుమానించారు.

మూడో రోజు సాయంత్రం ఒక అబ్బాయిని ఇంటికి తీసుకుపోవడానికి వాళ్ల నాన్న వచ్చాడు. కంపెనీలో టర్నర్ పని. కడ్డీ కొసను వెలుతురులో పెట్టి గోటితో చుట్టూ లెక్కపెట్టాడు. "సారూ, ఇది ఒంటి మర కాదు. నాలుగు మరలు కలిసి పోతాండాయి" అన్నాడు.

విషయం అదీ. నాలుగు పోగుల జడలాగా నాలుగు మరలు పక్కపక్కనే చుట్టుకుని ఉన్నాయి. పక్క మరకు దూరం 2 మిల్లీమీటర్లే అయినా, ఒక చుట్టు తిరిగితే నట్టు జరిగేది 8 మిల్లీమీటర్లు. 1600ను 8తో భాగించాలి. మిల్లీమీటరుకు 200. అంకె మార్చారు, మిషన్ దారికి వచ్చింది. ఆ మర్నాడు ఆ అబ్బాయి క్లాసులో ఎలా నడిచాడో చూడాల్సింది. బడిలో నాన్న పని గురించి ఎవరైనా అడగడం వాడికి అదే మొదలు.

బడి చదువునూ చేతి పనినీ ఇలా కలపాలని పట్టుబట్టినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. పుణె జిల్లా పాబళ్‌లో డాక్టర్ కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమం మొదలుపెట్టారు. 2002లో ఎంఐటీవాళ్లు తమ ఫ్యాబ్ ల్యాబ్‌ను ఆ పల్లెటూళ్లోనే పెట్టారు. మన దగ్గర మాత్రం చేతిపని అంటే మార్కులు రానివాడి పని అనే చూపు ఇంకా పోలేదు.

తాత కోపం

మిషన్ కట్టిన జట్టులో ఒక అమ్మాయి ఉంది. ఆమె తాత వడ్రంగి. గడపలకు తామర పువ్వులు, తలుపులకు హంసలు చెక్కి పేరు తెచ్చుకున్న చెయ్యి. పది పదిహేనేళ్లుగా ఆ పని సీఎన్‌సీ దుకాణాలకు పోయింది. తాను పది దినాలు కూర్చుని చెక్కే తలుపును అవి ఒక్క పూటలో ఇచ్చేస్తాయి. ఇప్పుడాయనకు మిగిలింది గడియలు బిగించడం, కిటికీ రెక్కలు సరిచేయడం. మనవరాలు చేస్తున్నది ఆ మిషనే అని తెలిసి నెలరోజులు ఆయన బడి వైపే రాలేదు.

చివరికి మనవరాలే వెళ్లి పిలిచింది. చతురస్రం కోయమంటే మిషన్ ఓరగా కోస్తోంది మరి. పెద్దాయన వచ్చి మిషన్‌ను ముట్టుకోలేదు. నూలు దారం అడిగారు. చట్రానికి ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు పట్టి చూశారు. రెండు కొలతలకూ వేలెడంత తేడా. "మూల కట్టకుండా పైన ఎంత తిప్పితే ఏం లాభం పాపా?" అన్నారు. బోల్టులు వదులు చేసి, రెండు దారాలూ సమానమయ్యేదాకా తట్టి, మళ్లీ బిగించారు.

అప్పటినుంచి బుధవారం బుధవారం వస్తున్నారు. కోత వాసన చూసి చెబుతారు. పొట్టు పలకలు పలకలుగా రాలితే సరి. పిండిలా రాలి మాడు వాసన వస్తే బిట్ ఒకేచోట రుద్దుకుంటోందని, నడక వేగం పెంచాలని అర్థం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఒక్క దెబ్బకు కోయరు. మిల్లీమీటరున్నర చొప్పున పన్నెండు సార్లు దిగుతారు. ముందు బిట్ పైకెత్తి గాలిలో ఒకసారి నడిపి చూస్తారు. కళ్లద్దాలు, మాస్కు లేకపోతే గదిలోకి రానివ్వరు. చున్నీ, జడ లోపలికి ముడవాల్సిందే. ఎర్ర బటన్ దగ్గర ఎప్పుడూ ఒకరు నిలబడతారు.

అక్షరాల పంచాయితీ

మొదట ఏం చెక్కాలి అన్నప్పుడు గదికి పేరు బోర్డు అనుకున్నారు. 'వర్క్‌షాప్' అని రాయబోతే తాత ఒప్పుకోలేదు. కంసాలి, కమ్మరి పనిచేసే చోటును మనవాళ్లు పట్టడ అనేవారు కదా అన్నారు. తమిళం సారు నవ్వి, తమ భాషలోనూ అది పట్టరైయే అన్నారు. అలా ఒకే పలక మీద రెండు లిపుల్లో ఒకటే మాట ఖాయమైంది. తమిళనాడు 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ తొలి బ్యాచ్ 2016లో పదో తరగతికి వచ్చేసరికి వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది, మినహాయింపులూ వచ్చాయి. అంత గొడవ నడిచిన చోట ఈ పలక మీద మాత్రం ఎవరికీ పేచీ లేకపోయింది.

పేచీ పెట్టింది కంప్యూటర్. తెలుగు టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కకు పడ్డాయి. అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో రాసి గీతలుగా మార్చి పంపితే కుదిరింది. బిట్ గుండ్రంది కాబట్టి లోపలి మూలను ఎప్పుడూ గుండ్రంగానే వదులుతుంది. గుండ్రటి తెలుగు అక్షరాలకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ట కింది ఒత్తు సందులో మాత్రం 3 మిల్లీమీటర్ల బిట్ దూరలేదు. అక్కడికి సన్న మొన బిట్ వేశారు. తమిళ 'ట' మాత్రం మూలమట్టం పెట్టి గీసినట్టుంటుంది. ఆ పదునైన మూల ఏ బిట్‌కూ సరిగ్గా రాలేదు.

నేను వెళ్లిన బుధవారం ఆ పని నడుస్తోంది. తాత బల్ల మీదకు వంగి సన్న ఉలితో 'ట' మూలలు ఒక్కొక్కటే తీస్తున్నారు. పక్కన మనవరాలు పొట్టు ఊదుతోంది. రెండు అక్షరాల మూలలు అయ్యాయి, ఇంకొన్ని మిగిలాయి. పలక తగిలించడానికి అనుమతి రావాలి. పాలిష్ మాత్రం వచ్చే వారమే వేసేస్తారట.