ఈత గురువును చూసి ఎంచుకోండి

కూచిపూడిలో నాట్యం నేర్వవచ్చిన పిల్లను తొలిరోజే ఇత్తడి పళ్ళెం మీద నిలబెట్టి తరంగం ఆడమనరు. ముందు అడుగులు కుదరాలి. ఈతకూ అదే వరస. అయినా తల్లులు మొదట అడిగేది, "ఎన్నాళ్ళకు వస్తుందండీ, డాక్టరుగారూ?" అనే!

ఊరూరా కాలువా చెరువూ ఉన్న మన కృష్ణా డెల్టాలో ఈత వేడుక కాదు, అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షలమంది నీటమునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళే. ఆరేళ్ళు నిండిన పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ఆ సంస్థ సలహా.

పూర్వం మునగబెండు నడుముకు కట్టి కాలువలో దింపేవారు. కాని కాలువకు వడి ఉంటుంది. బురదనీటిలో లోతు తెలియదు. తొలి పాఠాలకు అడుగు కనిపించే నిలకడ నీరే మేలు.

విజయవాడ గాంధీనగర్‌లోని మునిసిపల్ కొలనైనా, మరొకటైనా, చేర్చేముందు ఒకపూట గట్టున కూర్చుని చూడండి. గురువు పిల్లవాడికి చెయ్యందేటంత దగ్గరలో నీళ్ళలో ఉన్నాడా, గట్టుమీదనుంచి కేకలేస్తున్నాడా? కొత్తపిల్లలు అతని చేతికింద అరడజనుకు మించి ఉన్నారా? ఊపిరాగిన మనిషికి ప్రథమచికిత్స చేయడంలో తర్ఫీదు పొందాడా? భయపడే పిల్లను నీళ్ళలోకి తోసే గురువు వద్దు. అలా తోస్తే భయం పోదు, ముదురుతుంది.

ఎన్ని గజాలు ఈదాడన్నది తర్వాతి మాట. పొరపాటున నీళ్ళలో పడితే పైకి తేలి, వెల్లకిలా నిలిచి, ఊపిరి తీసుకుని, గట్టు పట్టుకోగలడా? అది నేర్పేవాడే మంచి గురువు.

మూర్ఛ, ఆయాసం, గుండెజబ్బు, చెవిలో చీము ఉన్న పిల్లలను ముందుగా డాక్టరుకు చూపించాలి.

మునిగిన బిడ్డను తలకిందులు చేయడం, పొట్టనొక్కి నీళ్ళు కక్కించడం తగదు. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదాలి, రొమ్ము నడుమ నొక్కుతూ ఉండాలి. పక్కనున్నవారిచేత 108కి ఫోను చేయించండి.

ఈత వచ్చిందికదా అని పిల్లవాణ్ణి ఒంటరిగా రేవుకు పంపకండి. మునిగేవాడు చాలాసార్లు కేకవేయలేడు; ఊపిరికే అల్లాడేవాడికి కేక ఎక్కడిది? అందుచేత ఎంత ఈత వచ్చినా, పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దవారి కళ్ళు వాళ్ళమీదే ఉండాలి.