చెవికి వచ్చిన ఉర్దూ, చేతికి రాని ఉర్దూ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బాలుడు ఉర్దూ అక్షరమొక్కటియు నేర్వకముందే ఉర్దూ మాటలు పెక్కు పలుకుచుండును. దవాఖానా, దర్వాజా, జమీను, కచేరి అతనికి ఇంటిమాటలే. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు కేంద్రములైనవి; ఆ 'జిల్లా' అను మాటయు ఉర్దూ ద్వారమున వచ్చినదే. ఇట్టి బాలుడు ఉర్దూను ద్వితీయ భాషగా చేపట్టినపుడు అతని పరిజ్ఞానమును కొలుచుట సులభమని తోచును. కాని చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఒకప్పుడీ సీమలో ఉర్దూ బ్రతుకుతెరువు. నిజాము రాజ్యమున కచేరీల భాష అది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నత విద్యయు ఉర్దూలోనే సాగినది. నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున 1925లో జన్మించిన దాశరథి గాలిబు కవితను తెలుగు చేయుటకు ఆనాటి చదువే తోడ్పడినది. 1948 తరువాత ఆ స్థితి మారినది. 2017లో ఉర్దూకు తెలంగాణ రాష్ట్రమంతట రెండవ అధికార భాషాస్థానము లభించినను, తెలుగు విద్యార్థికి అది ఐచ్ఛికమైన పాఠ్యవిషయముగానే మిగిలినది.

ఉక్తలేఖనమున ఉపాధ్యాయుడు 'జిలా' అని పలికెననుకొందము. విద్యార్థికి అర్థము తెలియును, ఉచ్చారణ తెలియును. అయినను ఉర్దూలో ఆ ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగక్షరములు కలవు. ఈ మాటను జ్వాద్‌తో మొదలిడి ఐన్‌తో ముగింపవలెను. జే వ్రాసినవాడు మాటను ఎరుగడా? ఎరుగును, వర్ణక్రమమును మాత్రమే ఎరుగడు. ఈ రెంటికిని ఒకే సున్న వేయుట న్యాయము కాదు.

చదువుటలో మరియొక పరీక్ష గలదు. ఉర్దూలో హ్రస్వ స్వరములను సాధారణముగా వ్రాయరు. 'ఇస్' అన్నను 'ఉస్' అన్నను కాగితముపై అక్షరములు రెండే, అవియే. ఏది 'ఈ', ఏది 'ఆ' అని వాక్యార్థమును బట్టియే గ్రహింపవలెను. కావున విద్యార్థిచే ఎన్నడును చూడని నాలుగు పంక్తులు బిగ్గరగా చదివించినచో, అతనికి అర్థమైనదో లేదో వెంటనే తేలును. కంఠస్థము చేసిన వ్యాసము ఈ సంగతిని బయటపెట్టదు.

తప్పులన్నియు ఒక జాతివి కావు. కితాబు స్త్రీలింగమనియు, కాగజు పుంలింగమనియు తెలుగు బాలునికి తోచదు. అతని భాషలో రెండును అమహత్తులే. ఇంట దక్కనీ మాటలాడు బాలుడు లింగమున తడబడకున్నను, గ్రంథభాష కోరు 'నే' ప్రత్యయమును విడిచివేయును. ఇద్దరికిని మార్కులు సమముగా తగ్గవచ్చును. కాని ఇద్దరికిని వలసిన పాఠము ఒక్కటి కాదు. ఈ భేదము తెలుపని పరీక్ష ఉపాధ్యాయునికి ఏమియు నేర్పదు.

అందువలన వినుట, మాటలాడుట, చదువుట, వ్రాయుట అను నాలుగింటికిని వేర్వేరుగా మార్కులిచ్చుట మేలు. ఐదు నిమిషముల సంభాషణ, చూడని గద్యభాగము, చిన్న ఉత్తరము, ఉక్తలేఖనము చాలును. ఉక్తలేఖనమున ధ్వని తప్పినదా, అక్షరము తప్పినదా అని విడిగా గుర్తింపవలెను. సంవత్సరాదిని ఒకమారు, అంతమున ఒకమారు జరిపినచో, ఇంటినుండి తెచ్చినదేదో, బడి ఇచ్చినదేదో స్పష్టమగును.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. తెలంగాణమున నిజాము కాలపు భూమి దస్తావేజులు పెక్కు ఉర్దూలో నున్నవి. తాత కాలపు కాగితము పెట్టెలో నున్నను, దానిని చదువగలవారికొరకు ఊరూర వెదకవలసిన కుటుంబములు కలవు. అట్టి ఇంటి బాలుడు ఉర్దూలో ఉత్తీర్ణుడై, ఆ కాగితమున తన ఊరి పేరైనను పోల్చుకొనలేనిచో, పరీక్ష కొలువవలసినదానిని కొలువలేదనియే చెప్పవలెను.