మిత్రుడి వెంట మౌలాలి గుట్ట

సికింద్రాబాద్‌కు ఈశాన్యాన, రైలు పట్టాలకు అల్లంత దూరంలో, బోర్లించిన కుండలా కనిపించే పెద్ద రాతిగుట్ట మౌలాలి. పైన దర్గా. అక్కడికి చేరాలంటే దాదాపు 500 మెట్లు ఎక్కాలి. వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లాపాపలతో బయలుదేరే కుటుంబాలు మనలో ఎన్నో!

ఈ గుట్ట పేరు వెనుక ఒక కథ ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా ఆస్థానంలో యాఖూత్ అనే ఆయనకు 1578లో ఒక కల వచ్చిందట. హజ్రత్ అలీ (రజి) గుట్టమీద ఒక రాతికి చేయి ఆనించి కూర్చున్నట్లు కనిపించారనీ, తెల్లవారి వెళ్లి చూస్తే ఆ రాతిపై చేతి గుర్తు ఉందనీ ప్రతీతి. దర్గాల దగ్గర ఏది తగును, ఏది తగదు అన్న చర్చ పెద్దలది. దాన్ని వారికే వదిలేద్దాం. ముస్లిములూ హిందువులూ నాలుగు వందల ఏళ్లకు పైగా కలిసి ఎక్కుతున్న గుట్ట ఇదన్నది మాత్రం కాదనలేని మాట.

గుట్ట అడుగున మహ్‌లఖాబాయి చందా సమాధి ఉంది. ఆమె ఆసఫ్‌జాహీల ఆస్థానంలో కవయిత్రి, నర్తకి. 1768లో పుట్టి 1824లో కన్నుమూసింది. పక్కనే ఆమె తల్లి సమాధి. చాలాకాలం పాడుబడి ఉన్న ఈ తోటను 2010 ప్రాంతంలో బాగుచేశారు. పైకి పోయే తొందరలో చాలామంది దీన్ని చూడకుండానే వెళ్లిపోతారు.

ఇక ఎండ సంగతి. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు రాయి. పగలంతా వేడిని పీల్చుకుని పొద్దుగూకినా వదులుతూనే ఉంటుంది. కనుక సాయంత్రం చల్లగా ఉంటుందనుకుని నాలుగు గంటలకు బయలుదేరేవారికి నెత్తిన ఎండ, కాళ్లకింద సెగ రెండూ తప్పవు. ఈ రాతిమీద నడవడానికి అనువైనది తెల్లవారుజామే.

మా పక్కింటి మాస్టారూ, నేనూ మే నెలలో ఒకనాడు బయలుదేరాం. ఆయన రిటైరై తొమ్మిదేళ్లయింది. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. తాను ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన బడి గుట్టపైనుంచి కనిపిస్తుందని ఆయన ఆశ. నేను ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికే సంచీ తగిలించుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. బస్సు దొరికి, గుట్ట దగ్గరికి చేరేసరికి ఏడు దాటింది. మెట్లు సగం పైగా ఎక్కాక, "ఇంకెన్ని మెట్లు సాబ్?" అని అడిగారు. చెప్పాను. రెండు నిమిషాలు కాకముందే మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. ముఖం కందిపోయింది. మాటల మనిషి మాట తగ్గించారు.

"మాస్టారూ, కూర్చుందాం" అన్నాను.

"నాకేం కాలేదు సాబ్, పదండి. ఇంతదూరం వచ్చి ఆగుతామా?"

బండరాయి నీడన కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి మెడకు చుట్టి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించాను. పావుగంటకు తేరుకున్నారు. పైకే పోదామన్నారు. నేను ఒప్పుకోలేదు. దిగేటప్పుడు సగం దూరం నాతో మాట్లాడనేలేదు. పెద్దాయన కోపం, ఏం చేస్తాం!

ఇక్కడే ఒక విషయం గమనించాలి. మన ఒళ్లు చెమట పట్టి, ఆ చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. నీరు తగ్గినా, గాలిలో తేమ పెరిగినా ఆ పని సాగదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందంటే దెబ్బ మెదడుకు తగులుతుంది. మతి తప్పుతుంది. అంటే వడదెబ్బ తగులుతున్న మనిషికి అది తెలిసే వీలు తక్కువ. "నాకేం కాలేదు" అన్న మాటనే నమ్మడానికి ఉండదు. పక్కన నడిచేవాడి కన్నే దానికి కొలత. ఎండలో ఒంటరిగా గుట్టలెక్కవద్దని పెద్దలు అనేది ఊరికే కాదు.

మాట తడబడినా, నడక తూలినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. దారికోసమైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పట్టుకుపోవచ్చు. చెంచాలు తలకొట్టి కొలవాలి. షుగరు, బీపీ ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగాకే తాగాలి. బీపీకి వాడే మందుల్లో కొన్ని ఒంట్లోని నీటిని బయటికి పంపేవి ఉంటాయి. మాస్టారు వాడుతున్నది అలాంటిదే. తర్వాత డాక్టరు ఆ మాత్ర మోతాదు వేసవికని తగ్గించారు.

డిసెంబరులో ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఏడెనిమిది చోట్ల ఆగి ఆగి ఎక్కాం. కొత్త మేడల మధ్య బడిని వెతకడానికి మాస్టారుకు చాలాసేపు పట్టింది. చుట్టుపక్కల ఒకప్పటి చిన్న గుట్టలు కొన్ని కంకరగా మారి ఆ మేడల్లోకే చేరాయి.

ఇక్కడి ఉర్సు రజబ్ 17న జరుగుతుంది. చాంద్రమానం కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. 2015లో అది మే మొదటి వారంలో, మండుటెండల్లో పడింది. ఇప్పుడు చలికాలంలోకి వచ్చింది. మరి కొన్నేళ్లపాటు ఉర్సుకు వచ్చేవారికి ఎండ బాధ లేదు. పిల్లల సెలవులు మాత్రం మేలోనే.