ప్రభుత్వ కార్యాలయాల ఉత్పాదకత: కొలత, మెరుగుదల - తెలుగునేల అనుభవాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రభుత్వ కార్యాలయాల పనితీరును కొలవడం ఎందుకు కష్టమో, ఆ కొలత ఏయే సందర్భాల్లో మేలు చేస్తుందో, ఏయే సందర్భాల్లో తప్పుదారి పట్టిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని స్మార్ట్‌కార్డుల పథకం, ఉపాధిహామీ సామాజిక తనిఖీలు, తెలంగాణలోని రైతుబంధు చెక్కుల పంపిణీ ఇందుకు ప్రధాన ఆధారాలు. పౌరుడు వెచ్చించే సమయాన్ని లెక్కలోకి తీసుకోని ఉత్పాదకత అసంపూర్ణమని, కార్యాలయంలో వాడే భాష కూడా ఉత్పాదకతలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉత్పాదకత, పరిపాలన, సామాజిక తనిఖీ, ఉపాధిహామీ, రైతుబంధు, పాలనాభాష.

1. ప్రవేశిక:
ఒక నేతకారుడు రోజుకు ఎన్ని గజాల బట్ట నేశాడో చెప్పడం సులభం. బట్టకు కొలత ఉంది, అంగట్లో ధర ఉంది, నచ్చకపోతే కొనడం మానుకునే స్వేచ్ఛ కొనుగోలుదారుకు ఉంది. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కులధ్రువీకరణ పత్రానికి ఈ మూడూ లేవు. దానికి అంగడి ధర ఉండదు. ఆ పత్రం అవసరమైనవాడు మరో కార్యాలయానికి వెళ్లలేడు. అందువల్ల పని బాగా జరిగిందా లేదా అన్న సమాచారం కార్యాలయానికి తనంతట తానుగా చేరదు. దానిని ఎవరో ఒకరు పనిగట్టుకొని సేకరించవలసిందే.

ఉత్పాదకత అంటే వెచ్చించిన వనరులకూ సాధించిన ఫలానికీ మధ్య ఉన్న నిష్పత్తి. ప్రైవేటు రంగంలో ఈ నిష్పత్తిని లెక్కించడం అలవాటైన పని. ప్రభుత్వరంగంలో మాత్రం చాలాకాలం పాటు అనేక దేశాల జాతీయాదాయ గణాంకాలు ప్రభుత్వ సేవల విలువను వాటికైన ఖర్చుతో సమానమని భావించాయి. ఉపాధ్యాయుల జీతాలపై పది కోట్లు ఖర్చయితే, పది కోట్ల విలువైన విద్య అందినట్లే లెక్క. ఈ పద్ధతిలో ఉత్పాదకత పెరగడం గానీ తగ్గడం గానీ ఎప్పటికీ కనిపించదు. ఈ లోపాన్ని సరిదిద్దే మార్గాలను బ్రిటన్‌లో ఆర్థికవేత్త టోనీ ఆట్కిన్సన్ నేతృత్వంలోని సమీక్ష 2005లో సూచించింది. ఎంత ఖర్చయిందన్నదానితో ఆగక, ఎంతమందికి ఎంత నాణ్యమైన సేవ అందిందో లెక్కించాలన్నది దాని సారాంశం.

2. కొలతకు లొంగే పనులు, లొంగని పనులు:
అన్ని ప్రభుత్వ సంస్థలనూ ఒకే గజంతో కొలవడం సాధ్యం కాదు. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ క్యూ. విల్సన్ 1989లో వెలువరించిన గ్రంథంలో రెండు ప్రశ్నల ఆధారంగా సంస్థలను నాలుగు రకాలుగా విభజించాడు. మొదటిది, ఉద్యోగి చేసే పని పైఅధికారికి కనిపిస్తుందా? రెండవది, ఆ పని వల్ల కలిగే ఫలితం కనిపిస్తుందా?

ఈ విభజనను తెలుగు రాష్ట్రాల కార్యాలయాలకు అన్వయించి చూడవచ్చు. పింఛన్ల పంపిణీ, ధ్రువపత్రాల జారీ వంటి వాటిలో పనీ, ఫలితమూ రెండూ కనిపిస్తాయి. నేర పరిశోధనలో అధికారి ఎక్కడ ఏం చేస్తున్నాడో అనుక్షణం తెలియదు. కేసు తేలిందా లేదా అన్నది మాత్రం చివరకు తెలుస్తుంది. యుద్ధంలేని కాలంలో సైన్యం చేసే కవాతులు కనిపిస్తాయి, వాటి అసలు ఫలితం కనిపించదు. బడిలో నాలుగు గోడల మధ్య ఉపాధ్యాయుడు చేసే బోధన పైవారికి పూర్తిగా కనిపించదు. దాని ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. తేలినా, అందులో ఇంటి వాతావరణం వాటా ఎంతో, బడి వాటా ఎంతో విడదీయడం కష్టం.

మొదటి రకం సంస్థలకు సంఖ్యాత్మకమైన కొలత బాగా సరిపోతుంది. చివరి రకం సంస్థలపై అదే కొలతను రుద్దితే, లెక్కకు అందే పని పెరిగి లెక్కకు అందని పని కుంటుపడుతుంది. కాబట్టి, ఏ కార్యాలయం ఏ కోవకు చెందుతుందో నిర్ణయించుకోవడం కొలతకు తొలిమెట్టు.

3. లెక్క ఎక్కడ తప్పుతుంది?
కొలతకు లొంగే పనుల్లోనూ పొరపాటుకు అవకాశముంది. ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. రెండు కార్యాలయాల్లో పదేసిమంది సిబ్బంది ఉన్నారనుకుందాం. మొదటి కార్యాలయం నెలకు 600 అర్జీలను పరిష్కరించినట్లు నమోదు చేసింది. రెండవది 500 మాత్రమే పరిష్కరించింది. తలకు 60, 50 చొప్పున మొదటిదే ముందున్నట్లు కనిపిస్తుంది. అయితే, మొదటి కార్యాలయం పత్రాలు చాలవంటూ తిప్పిపంపిన 150 అర్జీలు అదే నెలలో కొత్త అర్జీలుగా తిరిగివచ్చాయి. రెండవ కార్యాలయంలో అలా వచ్చినవి 20 మాత్రమే. రెండుసార్లు లెక్కకెక్కిన అర్జీలను తీసివేస్తే మొదటి కార్యాలయం పరిష్కరించినవి 450, రెండవది పరిష్కరించినవి 480. తలకు 45, 48. వరుస తారుమారైంది. తిరిగివచ్చిన ప్రతి అర్జీ వెనుకా ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు ఛార్జీ ఉన్నాయి. అవి ఏ కార్యాలయపు లెక్కలోనూ కనిపించవు.

లక్ష్యాన్ని కఠినంగా విధించినప్పుడు అంకెలే రూపు మార్చుకుంటాయి. ఇంగ్లండులో ప్రాణాపాయంలో ఉన్నవారి నుంచి వచ్చే పిలుపుల్లో 75 శాతానికి అంబులెన్సు 8 నిమిషాల్లోగా చేరాలన్న లక్ష్యం ఉండేది. నమోదైన సమయాలను పరిశీలించిన గ్విన్ బెవన్, క్రిస్టఫర్ హుడ్ వంటి పరిశోధకులు, కొన్నిచోట్ల చేరిక సమయాలు సరిగ్గా 8 నిమిషాల గీతకు ఇవతల గుంపుకట్టి ఉండడాన్ని, గీత దాటగానే హఠాత్తుగా తగ్గిపోవడాన్ని 2006 నాటి తమ వ్యాసంలో చర్చించారు. నిజంగా వేగం పెరగడం ఒక సంగతి, గడియారాన్ని సవరించి రాయడం మరో సంగతి. లక్ష్యాన్ని చేరవలసినవారే దానిని చేరామో లేదో నమోదు చేసే పద్ధతిలో ఈ రెండింటినీ వేరుచేయడం కష్టమవుతుంది.

భారతదేశంలోనూ కొలత ప్రయత్నాలు జరిగాయి. కేంద్రం 2005-06 నుంచి ఫలితాల బడ్జెట్‌ను ప్రవేశపెట్టింది. 2009లో మంత్రిత్వశాఖల పనితీరును మదింపు చేసేందుకు ప్రత్యేక వ్యవస్థను ఆరంభించింది. ఆ వ్యవస్థలో ప్రతి శాఖా తన లక్ష్యాలతో ఒక పత్రాన్ని ముందుగా సిద్ధం చేసేది. సంవత్సరాంతంలో వాటిలో ఎన్ని నెరవేరాయో చూసి మార్కులు ఇచ్చేవారు. తన పరీక్షకు తానే ప్రశ్నలు సూచించుకునే విద్యార్థి సులభమైన ప్రశ్నల వైపు మొగ్గడం సహజం. ఇటువంటి వ్యవస్థలన్నింటికీ ఉన్న చిక్కు ఇదే.

4. తెలుగునేల అనుభవాలు:

4.1 స్మార్ట్‌కార్డులు - పౌరుని సమయం:
మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధిహామీ చట్టం ప్రకారం పని చేసిన 15 రోజుల్లోగా కూలి అందవలసి ఉండేది. కూలి ఆలస్యమైతే ఆ కుటుంబం అప్పు చేయవలసివస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలీ, సామాజిక పింఛన్లను వేలిముద్రల ఆధారంగా గుర్తించి చెల్లించే స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టింది. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, ఫలితాలను పోల్చే అవకాశాన్ని పరిశోధకులకు కల్పించింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా పరిధిలో చేసిన ఈ అధ్యయనం 2016లో వెలువడింది.

కొత్త పద్ధతి పూర్తిగా అమలు కాకపోయినా ఉపాధి కూలి త్వరగా, నమ్మకంగా అందిందని, మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గిందని ఆ అధ్యయనం తేల్చింది. ఒక్కో చెల్లింపు అందుకోవడానికి కూలీలు వెచ్చించే సమయం సుమారు 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి కూలీలకు మిగిలిన ఈ సమయానికి విలువకడితే, అదొక్కటే ఆ వ్యవస్థకైన ఖర్చుకు సరితూగింది. కార్యాలయపు ఖర్చును మాత్రమే చూసే సంప్రదాయ లెక్కలో ఈ లాభం అసలు కనిపించేది కాదు. పౌరుని సమయాన్ని కూడా వనరుగా లెక్కించినప్పుడే దాని విలువ బయటపడింది.

4.2 సామాజిక తనిఖీలు - కొలత తరువాతి అడుగు:
ఉపాధిహామీ చట్టంలోని 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీ జరిపే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందులో దేశానికి దారి చూపింది. తనిఖీల కోసం ప్రత్యేక సంస్థను ఏర్పరచి, గ్రామీణ యువతకు శిక్షణనిచ్చి, మస్టరు రోల్‌లోని పేర్లను ఇంటింటికీ వెళ్లి సరిచూసి, ఫలితాలను బహిరంగసభలో చదివి వినిపించే పద్ధతిని నెలకొల్పింది. కార్యాలయం తన గురించి తాను రాసుకున్న లెక్కను, ఆ లెక్కలో పేరున్న మనిషి ఎదుట పెట్టడం ఇందులోని విశిష్టత.

అయితే, ఈ తనిఖీలను అధ్యయనం చేసిన ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ ఒక హెచ్చరిక కూడా చేశారు. తనిఖీలు అక్రమాలను బాగానే బయటపెట్టాయి. కానీ, ఒక దఫా తరువాత మరొక దఫా గడిచేకొద్దీ కూలికి సంబంధించిన అక్రమాల స్థానంలో, పట్టుకోవడం కష్టమైన సామగ్రి సంబంధిత అక్రమాలు పెరిగాయి. బాధ్యులపై కఠినచర్యలు అరుదుగానే జరిగాయి. కొలత తప్పును చూపగలదు. చూపిన తప్పుపై చర్య లేకపోతే ఆ తప్పు మరోచోటికి తరలిపోతుంది.

4.3 రైతుబంధు - ఫోనులో ఒక ప్రశ్న:
తెలంగాణ ప్రభుత్వం 2018 మే నెలలో రైతుబంధు పథకం కింద ఎకరాకు, పంటకాలానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులను పంపిణీ చేసింది. పంపిణీ బాధ్యత వ్యవసాయశాఖ అధికారులది. పట్టణాలకు వలసపోయినవారు, వృద్ధులు, చెక్కు వచ్చిన సంగతి తెలియనివారు ఇటువంటి పంపిణీలో జారిపోయే ప్రమాదముంది. దాదాపు 57 లక్షల మంది రైతులకు ఉద్దేశించిన ఈ పంపిణీలో మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్, జెఫ్రీ వీవర్ ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపికచేసిన మండలాల్లో, చెక్కులు అందాయో లేదో రైతులకు ఫోను చేసి తెలుసుకుంటామని అధికారులకు ముందుగా తెలియజేశారు.

ఆ ఒక్క మాటతో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. రైతులకు అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు సుమారు 3 రూపాయల 60 పైసలు. ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అన్న సామెత ఇక్కడ కొత్త అర్థాన్ని సంతరించుకుంది. అడిగేవారున్నారని తెలిస్తే పెట్టే చేయి కదిలింది. ఈ కొలతలో గమనించవలసిన లక్షణాలు మూడు. అది ఫలితాన్నే అడిగింది. సమాధానం లబ్ధిదారు నుంచి వచ్చింది, కాబట్టి అధికారి దానిని దిద్దలేడు. అడిగిన ప్రశ్న ఒక్క మాటలో తేలేది, కాబట్టి ఖర్చు స్వల్పమైంది.

5. మెరుగుదలలో భాష పాత్ర:
పరిపాలనా సంస్కరణల చర్చలో సాంకేతికతకు దక్కిన చోటు భాషకు దక్కలేదు. పైన చూపిన ఉదాహరణలో 150 అర్జీలు తిరిగిరావడానికి కారణం సిబ్బంది సోమరితనం కాకపోవచ్చు. ఏ పత్రం జతచేయాలో అర్జీదారునికి అర్థమయ్యే మాటల్లో చెప్పకపోవడం కావచ్చు. అర్థంకాని నోటీసు మరొకరి చేత చదివించుకోవలసివస్తుంది. చదివిపెట్టేవాడు దళారి అయితే దానికీ రుసుము ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. అధికార భాషా సంఘం 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షతన ఏర్పడింది. పాలనలో తెలుగు వాడకాన్ని సాధారణంగా భాషాభిమానానికి సంబంధించిన అంశంగానే చర్చిస్తారు. దానిని ఉత్పాదకత దృష్టితోనూ చూడవలసి ఉంది. తెలుగు అనగానే సరిపోదు. ‘పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి తగు ధ్రువపత్రములు జతపరచనందున తిరస్కరించడమైనది’ అన్న వాక్యం తెలుగే అయినా అర్జీదారుని మళ్లీ కార్యాలయానికి రప్పిస్తుంది. ‘మీ రేషన్ కార్డు నకలు లేదు. దానిని జతచేసి మళ్లీ ఇవ్వండి’ అన్న వాక్యం ఆ ప్రయాణాన్ని తప్పిస్తుంది. ఏ తిరస్కరణ పత్రం తరువాత ఎంతమంది మళ్లీ తప్పుగానే దరఖాస్తు చేశారో లెక్కిస్తే ఆ పత్రంలోని భాష ఎంత పనిచేసిందో తెలుస్తుంది. ఈ కొలత కోసం కార్యాలయాలకు కొత్త యంత్రాలు అక్కరలేదు, ఉన్న నమోదులు చాలు. పాలనాభాషపై పరిశోధించేవారికి ఇది ఇంకా దున్నని పొలం.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. పనీ, ఫలితమూ రెండూ కనిపించే సేవలకు సంఖ్యాత్మకమైన కొలత తగినది. బోధన వంటి పనులకు దానిని యథాతథంగా వర్తింపజేయడం హానికరం. కొలిచేది పరిష్కరించిన అర్జీల సంఖ్యను కాక, పని పూర్తయి మళ్లీ రానవసరం లేని పౌరుల సంఖ్యను కావాలి. సమాచారం కార్యాలయం నుంచి కాక సేవ పొందవలసినవారి నుంచి రావాలి. అర్జీదారుని ప్రయాణం, నిరీక్షణ, పోగొట్టుకున్న కూలి ఖర్చు పద్దులో చేరాలి. కొలత బయటపెట్టిన లోపంపై చర్య ఉండాలి.

ఇవేవీ సిబ్బందిని అనుమానించడానికి ఉద్దేశించినవి కావు. ఖాళీ పోస్టులతో, ఒకరే ముగ్గురి పని చేసే కార్యాలయానికి సరైన కొలత రక్షణ కూడా అవుతుంది. ఎంతమంది ఎంత పని చేస్తున్నారో చూపే నిజమైన లెక్క ఉన్నప్పుడే మరో ఇద్దరు కావాలన్న వారి కోరికకు బలం చేకూరుతుంది. రైతుబంధు ప్రయోగంలో అడిగిన ప్రశ్న చాలా చిన్నది: ‘మీకు చెక్కు అందిందా?’ అటువంటి ప్రశ్నను ప్రతి శాఖా తన సేవకు తగినట్లు రూపొందించుకొని, క్రమం తప్పకుండా అడిగి, వచ్చిన జవాబును ప్రకటించగలిగితే ఉత్పాదకత కొలతకు అది గట్టి ప్రారంభమవుతుంది.